ఒట్టులో ఇరుక్కున్న కూత

వినుడు, చేత చాయ్ గ్లాసు పట్టుకొని నిలుచున్న మహాజనులారా, వినుడు! పటాన్‌చెరువు మొదలుకొని గుమ్మడిదల పర్యంతము వ్యాపించి, రేకుకప్పుల తళతళలతోను, బాయిలరు గొట్టముల ధూమపటలముతోను, లారీ హారన్ల భేరీభాంకారములతోను రాత్రింబవళ్లు ఘూర్ణిల్లుచు, ఏ క్షణమున గాలిలో ఏ మందు వాసన వచ్చునో అక్కడ పుట్టి పెరిగిన కాకికైనను అంతుచిక్కని ఆ కర్మాగారమండలమున, వానకాలపు నాట్లు ముమ్మరముగా సాగుచున్న యొకానొక దినమున, సూర్యభగవానుడు మబ్బుచాటున నడినెత్తికి వచ్చి చెవియొగ్గి నిలుచున్న పుణ్యముహూర్తమున, ఒక్క కూతకొరకు, ఒకేయొక్క సైరను కూతకొరకు జరిగిన ఘోరసంగ్రామమును చెప్పబోవుచున్నాను. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వి ముగించుకొనుడు. నడుమ నవ్వినచో నాకు కోపము వచ్చును. కోపము వచ్చెనా, నా గ్రాంథికము పోయి నా గడ్డపోతారం యాస బయటపడుతది. ఇగ మీ ఇష్టం.

మొదట ఎవరిని తలతును? దేవతలకు ఈ బాధ తెలియదు పాపము. కావున ఓ కంపైలరు తల్లీ, నిన్నే తలతును! మనుష్యులు వ్రాసిన వ్రాతను యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చుదానవు నీవే. మేము చెప్పినదే చేయుదువు, మేము అనుకొన్నది మాత్రము చచ్చినను చేయవు. ఇంతటి నిర్దయ మా అత్తగారికిని లేదు. అయినను నీ పాదములకు నమస్కారము.

ఇక నాయిక. పోతిరెడ్డిపల్లిలో కిరాయిగది, పటాన్‌చెరువులో కొలువు. కొలువన్న పెద్ద మేడ అనుకొనేరు, ఒక చిన్న రేకుల షెడ్డు. అందులో మోటార్లకు, పంపులకు, సైరన్లకు బుద్ధి చెప్పు పెట్టెలు తయారగును. పెట్టెలో ఒక బోర్డు, ఆ బోర్డు ఏమి చేయవలెనో 'సి' అను కంప్యూటరు భాషలో వ్రాయునది హర్షిణి. సన్నని పిల్ల, కాని అంగుళీవేగమున మెరుపు, పట్టుదలలో ఉడుము. ఆమెను కన్న వీరమాత పోశమ్మ గడ్డపోతారములో నాట్లకు పోవు కూలి. నారు పట్టి వంగెనా, వరుస తీసినట్లు నాటును. నోరు తెరచెనా, ఊరు చెవులు మూసికొనును.

ఈ పోశమ్మకు చిరకాలముగా ఒక చింత. బిడ్డ యేమి పని చేయునో ఆమెకు తెలియదు. బిడ్డ వ్రాసిన వ్రాతలన్నియు పెట్టెలలో మూతపడి, లారీలెక్కి, ఏ ఊరికో పోవును. "నీ బిడ్డ ఏం జేస్తది పోశక్కా?" అని యెవరైన అడిగిన, "కంపెనీల కూసొని రాస్తది" అనును. "ఏం రాస్తది?" అనిన, అంతటి నోరును మూతపడును. అది ఆమెకు ముల్లు. బయటికి చెప్పుకొనెడిది కాదు, లోపల మెదలక మానదు.

ఇట్లుండగా గడ్డపోతారములోని యొక మందుల ఫ్యాక్టరీ సైరను పెట్టె పిడుగు పడి మాడిపోయెను. కొత్త పెట్టె చేయు పని హర్షిణి షెడ్డుకు వచ్చెను. ఆ ఫ్యాక్టరీ గోడకు ఆనుకొని ఇవతల నున్నది పెంటయ్య పటేలు మడి. ఆ మడిలో నాటువేయుచున్నది పోశమ్మ. అర్థమైనదా? బిడ్డ వ్రాసినదానిని తల్లి చెవులతో వినగల అవకాశము పుట్టి బుద్ధెరిగి ఇదియొక్కటే!

ఇక్కడ ఆ ఊరి ఆచారమొకటి చెప్పవలె. ఆ గోడ పక్క కూలివారికి కాలమనగా సూర్యుడు కాదు, ఫోను కాదు, సైరను. పన్నెండున్నరకు గోడ అవతల కూత పడెనా, గోడ ఇవతల చేయి బురదలోనుండి వెలికి వచ్చును. కూతకు ముందు వచ్చిన చేతిని పటేలు ఒప్పడు, కూత తరువాత బురదలో ఉంచుమన్న పటేలును కూలమ్మలు ఒప్పరు. ఫోనులో టైము చూచుకొనరాదా అందురు మీరు, తెలివిగలవారు. ఎవరి ఫోనులో? పటేలు చేతిలోని ఫోను ఎప్పుడును వెనుకబడియుండును, కూలమ్మలలో నర్సింహమ్మ యని యొకతె, ఆమె కొంగులోని ఫోను ఎప్పుడును ముందుకు పరుగెత్తును. సైరనొక్కటే ఎవరి చుట్టమును కాదు.

ముందునాటి సాయంకాలము హర్షిణి తల్లికి ఫోను చేసెను.

"అమ్మా, రేపు పన్నెండున్నరకు కూసేది నేను రాసిందే."

"నిజంగనా?"

"నీ మీద ఒట్టు."

అంతే. తెల్లవారి మడిలో దిగీదిగకముందే పోశమ్మ నారుకట్ట ఎత్తిపట్టి, సభలో శపథము చేయు వీరునివలె, కూలమ్మలందరి యెదుట ఇట్లు ప్రకటించెను: "ఇనుండ్రి! ఇయ్యాల కూసేది మా హర్షిణి కూత. అది ఇనంగనే బువ్వ తింట. అది ఇనకుంట ముద్ద ముట్ట. ఒట్టు!"

"సూస్తం తియ్యి," అనెను నర్సింహమ్మ. పోశమ్మకు ఈమె చిన్ననాటి చెలికత్తె, అంతకుమించి చిన్ననాటి పోటీదారు.

అటు తల్లి ఒట్టు. ఇటు బిడ్డ వ్రాతలోను ఒట్లే. ఆ సంగతి చెప్పక కథ సాగదు. పెట్టె వ్రాతలో అడుగడుగున అనుమానము. గడియారము నిజముగా నడచుచున్నదా? వేళ నిజముగా అయినదా? యంత్రమును ఊరక నమ్మరాదు గనుక హర్షిణి ఒక మాక్రోను సృజించెను. మాక్రో యనగా, ఒక చిన్న పేరు పెట్టి దాని వెనుక పెద్ద వ్రాతను దాచుట. ఆ పేరు కనబడినచోటనెల్ల కంపైలరు పేరును తీసి, వెనుకనున్న వ్రాతను కూర్చుండబెట్టును. హర్షిణి మాక్రో పేరు 'ఒట్టు'. ఒట్టు అని వ్రాసి లోపల ఒక మాట పెట్టిన, ఆ మాట నిజమైనచో బోర్డు ముందుకు సాగును. అబద్ధమైనచో అక్కడనే నిలిచి ఎర్ర దీపము వెలిగించి, ఏ వరుసలో అబద్ధము పుట్టెనో చెప్పును. ఈ పేరు ఊరక రాలేదు. చిన్ననాడు హర్షిణి "బడికి పోయిన" అనిన, పోశమ్మ "ఒట్టు?" అనును. "హోంవర్కు అయింది" అనిన, "ఒట్టు?" అనును. నెత్తిమీద చేయి పెట్టించుకొని పెరిగిన పిల్ల మరి.

ఆ మాక్రో ఊరకనే లొంగినదా? అమ్మో! మొదటిసారి వ్రాసిన ఒట్టు, 'అయితే' అను షరతు లోపలికి పోగానే, పక్కనున్న 'లేకపోతే'ను తనవెంట ఈడ్చుకొనిపోయెను. రెండవసారి వ్రాసిన ఒట్టు ఒకే ప్రశ్నను రెండుమార్లు అడిగి, గడియారమును రెండుమార్లు ముందుకు నెట్టెను. అంత హర్షిణి కోపించి, దానిని ఒక్కమారే తిరిగి ఆగిపోవు చక్రములో బంధించెను. ఒక్కమారే తిరుగుదానికి చక్రమెందుకని నన్నడుగకుడు. అడిగినవారికి ఆమె చెప్పినది, చెప్పిన పిదప వారి తల తిరిగినది, అంతవరకే నాకు తెలియును.

షెడ్డు యజమాని చలపతిరావు. మంచివాడే, కాని ఎర్ర దీపమనిన ఆయనకు బిత్తర. "మన దగ్గర ఎన్ని ఒట్లయినా పెట్టుకోండమ్మా. సరుకు గేటు దాటేటప్పుడు మాత్రం అన్నీ తీసెయ్యండి. కస్టమర్ ముందు ఎర్ర లైటు వెలిగిందంటే పరువు పోతుంది," అనుట ఆయన నిత్యపారాయణము. తీయుటయు సులభమే. వ్రాతకు నెత్తిమీద 'ఒట్లు వద్దు' అని యొక్క మాట వ్రాసిన చాలును, కంపైలరు ఒట్టు కనబడినచోటనెల్ల దానిని తుడిచి శూన్యము చేయును. ఒట్టు తీసి గట్టుమీద పెట్టుమను పెద్దల మాటను తు.చ. తప్పక పాటించిన కార్ఖానా ఈ భూమండలమున ఇదియొక్కటే. ఆ ఆచారము చొప్పుననే, షెడ్డులో ఎన్నోమార్లు కూసి చూపిన పెట్టెకు చిట్టచివర ఒట్లన్నియు తీసి, మూత బిగించి, హర్షిణియు ఎలక్ట్రీషియను నర్సింగును దానిని గడ్డపోతారమునకు తెచ్చి, ఫ్యాక్టరీ టైమాఫీసు గోడకు తగిలించిరి.

టైమాఫీసునకు అధిపతి రామలింగేశ్వరరావు. తాళపుచెవుల గుత్తి నడుమున గణగణలాడ, మీసము మీద చేయి వేసి, ఇరువది యేండ్లుగా ఆ సైరనును కన్నబిడ్డవలె సాకినవాడు. ఆయన గోడగడియారము వైపు చూచెను. నర్సింగ్ పెట్టె వైపు చూచెను. హర్షిణి కిటికీలోనుండి గోడ అవతలి మడి వైపు చూచెను, అక్కడ వంగిన నడుములలో ఒకటి తన తల్లిదని ఎరుగును గనుక. పన్నెండున్నర అయ్యెను.

కూయలేదు.

కూయలేదయ్యా! దిక్కులు పిక్కటిల్లవలసిన వేళ ఒక దోమ రొద వినబడెను. గేటు బయట కుక్కయొకటి, ప్రతిదినము ఆ వేళకు సైరనుతో గొంతు కలుపునది, మోర పైకెత్తి, శ్రుతి అందక, ఆవులించి పండుకొనెను. రామలింగేశ్వరరావు "ఏంటమ్మా ఇది?" అని, లోపలివారి భోజనము ఆగరాదని వాచ్‌మన్ చేత ఈల వేయించెను. లోపలి కార్మికులు ఈల విని క్యాంటీనుకు పోయిరి. ఈల గోడ దాటదు.

అంత హర్షిణి ఫోను మోగెను.

"ఏందే బిడ్డా, కూయదేంది? గీడ అందరు నా మొకమే సూస్తున్నరు."

"అమ్మా, జెర ఆగు. ఏదో అయింది, సూస్తున్న. మీరైతే తినుండ్రి."

"తినుండ్రి అంటవేందే? అందరి ముంగట ఒట్టేసిన."

"ఎవరన్న ఒట్టెయ్యమన్నరా నిన్ను?"

"నువ్వెయ్యలే?"

"మరి మిగిలినోళ్లనన్న తినమను," అనెను హర్షిణి.

"అన్న. నర్సింహమ్మ ఏమన్నదో ఎరుకనా? 'నువ్వు పస్తు కూసుంటే మాకు ముద్ద దిగుతదా వదినె' అన్నది. అన్నంక, పొద్దటిసంది నన్నే తిడుతుంది. పటేలేమో మస్తు ఖుష్, ఇంకో మడి అయితదని. జల్దీ కూయించు."

ఫోను పెట్టెను. చూచితిరా వీరుని సంకటము? అవతల ఒక వరుస ఆడవారు బురదలో, కడుపు కాలుచు, ఒకరినొకరు తిట్టుకొనుచు, ఒకరికొరకొకరు పస్తుండి, ఈమె వ్రాసిన వ్రాతకొరకు ఎదురుచూచుచున్నారు. నవ్వకుడంటిని గద! ఆకలైనవారి ముంగట నవ్వుతరా ఎవరన్న?

హర్షిణి నర్సింగు వైపు తిరిగెను. కనుగొనలు ఎర్రబడెను. అంతట ఆ టెస్టరుపాణి, కటింగుప్లేయరు కటారముగా, ఇన్సులేషనుటేపు కంకణముగా వెలుగొందుచు, ఇట్లు గర్జించెను: "ఓసి అక్షరమాత్రోపజీవినీ! తామ్రతంత్రీజాలమును నా యీ హస్తములతో బిగించితిని. దిక్పాలకులు వచ్చి లాగినను నా కనెక్షను ఊడునే? దోషము నీ వ్రాతయందు వెదకుము!" అని నేననుచున్నాను. వాడన్నది మాత్రము, "చెల్లె, నా వైరింగు పర్ఫెక్టు. నీ రాతనే జెర సూస్కో."

"నా రాత షెడ్డుల కూసింది గదన్నా! నువ్వే తీగె ఎక్కడ్నో లూజు పెట్టినవ్."

"లూజు నోటికి ఉంటది గని నా తీగెకుండదు."

ఇట్లు వాగ్బాణములు పరస్పరము తాకి నేల రాలుచుండగా, నర్సింగ్ మూత విప్పి ప్రతి తీగెను లాగి చూపెను. ఒక్కటియు ఊడలేదు. వాని మాట నెగ్గెను. అయినను వాడు వెక్కిరింపలేదు, కిటికీలోనుండి మడివైపు చూచి మెల్లగా అనెను: "చెల్లె, డైరెక్టు ఇస్త. ఈ రెండు తీగెలు చేతితోని ముట్టిస్తే సైరన్ కూస్తది. మీ అమ్మకేం తెలుస్తది, పెట్టె కూసిందా నేను కూయించిన్నా అని."

అహో ప్రలోభము! ఒక వంక ఆకలి, ఒక వంక ఒట్టు. తన వ్రాత కానిదానిని తనదని తల్లికి వినిపించుటయా? హర్షిణి కనులు మూసికొనెను. వీరుడనువాడు ఇక్కడ "ప్రాణము పోయినను మాట తప్పను" అనవలె, నేనును ఆ డైలాగుకు సిద్ధముగా ఉంటిని. ఆ పిల్ల అన్నది వినుడు.

"ఇయ్యన్నా. ముందు తిననియ్యి వాళ్లను. మా అమ్మకు నేను చెప్పుకుంట."

నా వీరగాథ చెడినను సరే, ఆ మాటకు నేను దండము పెట్టుచున్నాను.

నర్సింగ్ తీగెల కొనలు చేత పట్టెను. అంతలో రామలింగేశ్వరరావు, తాళములు గణగణమన అడ్డముగా దూకి, "ఆగండి!" అని పెడబొబ్బ పెట్టెను. "చేత్తో ముట్టించి చెయ్యి వణికిందనుకో, కూత తెగి తెగి వస్తుంది. తెగి తెగి వస్తే గ్యాస్ లీకని అర్థం. క్యాంటీన్లో వాళ్ళు ప్లేట్లు వదిలేసి పరుగెత్తుతారు, ఊరు ఊరంతా గుమ్మడిదల దాకా పరుగెత్తుతుంది. వద్దు!"

"నా చెయ్యి వణకదు సార్."

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

నర్సింగ్ తన చేతిని చూచుకొనెను. తీగె కొన సన్నగా కంపించుచుండెను. వాడు తీగెలను విడిచెను.

"రెండింటి షిఫ్టు కూతకు చూసుకుందాంలే," అనెను రామలింగేశ్వరరావు, కుర్చీలో కూలబడుచు. రెండింటికట! అంతదాక పోశమ్మ ముద్ద ముట్టదు. పోశమ్మ ముట్టక నర్సింహమ్మ ముట్టదు. నర్సింహమ్మ ముట్టక ఆ వరుసలో ఎవరును ముట్టరు.

అంత హర్షిణి ల్యాప్‌టాప్ తెరచి బల్లమీద మోపి, జడను వెనుకకు విసరి, ఆసనము బిగించెను. వ్రాతను మొదటినుండి తుదిదాక చదివెను. ప్రతి మాటయు ఉండవలసిన చోటనే ఉండెను. తిరిగి చదివెను. తప్పు లేదు. తప్పు లేని వ్రాత పని చేయకుండుట కంటె నరకము లేదని ఈ వృత్తివారు చెప్పుకొందురు, నేను నమ్ముదును. అప్పుడామెకు ఒక ఉపాయము తోచెను.

"అన్నా, సైరన్ తీగె ఊడదీయ్. ఊకె బోర్డు మీద దీపం వెలుగుతదా లేదా సూస్త."

నర్సింగ్ ఊడదీసెను. ఆమె షెడ్డులో నడిచిన పాత వ్రాతను, ఒట్లున్నదానిని, బోర్డులోనికి ఎక్కించి గడియారమును పన్నెండున్నరకు తిప్పెను. సైరనుకు కరెంటు విడుచు మీట టక్కుమని పడి పచ్చదీపము వెలిగెను. ఒట్లు తీసిన వ్రాతను ఎక్కించి మరల తిప్పెను. మీట పడలేదు, దీపము లేదు. మరల ఒట్లతో. టక్! ఒట్లు లేక. నిశ్శబ్దము.

"గిదేంది చెల్లె," అనెను నర్సింగ్ నోరు వెళ్లబెట్టి, "ఒట్టు పెడితే పనిజేస్తది, ఒట్టు తీస్తే జెయ్యదు. మా బామ్మర్ది లెక్క ఉన్నది."

హర్షిణి నవ్వలేదు. రెండు వ్రాతలకు భేదము ఒట్లే. తక్కినదంతయు ఒక్కటే. కావున దొంగ ఒట్లలోనే ఉన్నాడు! అంతట ఆ వీరకన్యక తన సృష్టియైన ఒట్లనన్నిటిని వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కదానిని ఇట్లు నిలదీసెను.

"ఓ మొదటి ఒట్టా! నిజము చెప్పుము. నిన్ను తీసివేసిన, నీ వెంట పోవునది ఏది?"

"తల్లీ, గడియారము నడచుచున్నదా అని అడుగుట నా పని. నేను పోయిన నా ప్రశ్న పోవును. గడియారమునకేమి, అది నడచుచునే యుండును."

"ఓ రెండవ ఒట్టా! నీవో?"

"వేళ అయినదా అని అడుగుదును. నేను పోయినను వేళ ఆగునా తల్లీ?"

"ఓ మూడవ ఒట్టా! ఏల తల వంచుకొంటివి? నీలో దాగినది ఏది?"

"నన్నేల తిట్టెదవు తల్లీ, పెట్టినదానవు నీవే గదా," అనెను మూడవ ఒట్టు. "నాలో ఉన్నది ప్రశ్న కాదు. నాలో ఉన్నది సైరనే."

ఆమె చూచెను. అవును! సైరను మోగించు పనిని ఒక వరుసలో వ్రాసి, మోగినదా అను ప్రశ్నను మరుసటి వరుసలో ఒట్టు పెట్టవలసినది. ఒక వరుస మిగులునని, చూచుటకు అందముగా ఉండునని, మోగించుటను మోగినదా అనుటను ముద్దగా కలిపి ఒట్టు లోపల కుక్కెను. ఒట్లున్నంత కాలము బోర్డు ఒట్టు వేయుటకు సైరను మోగించెను. ఒట్లు తీయుమనగానే కంపైలరు తల్లి, ఆ నిర్దయురాలు, ఒట్టుతోపాటు లోపలి సైరనును ఊడ్చిపారవేసెను. సద్దిమూట విప్పుమనిన, గుడ్డతోపాటు బువ్వను కాలువలో పారవేసినట్లు.

"అయ్యో నా తల్లీ!" అని హర్షిణి నెత్తి కొట్టుకొనెను. "నేనే జేసిన్నే గిది! అన్నా, నీ వైరింగు మంచిగనే ఉంది. తప్పు నాది."

"నాకెరుకే," అనెను నర్సింగ్. కాని ఆ మాటకు వాని మొగము వెలిగిపోయెను.

బాగుచేయుటకు రెండు త్రోవలు. ఒట్టు తీసినను లోపలి పని మిగులునట్లు మాక్రోనే తిరుగవ్రాయవచ్చును. లేదా పనిని ఒట్టులోనుండి బయటికి లాగవచ్చును. హర్షిణి క్షణము తటపటాయించెను. పిదప, "ఒట్టు అడిగేదాన్ని అడగనియ్యాలె. పని పనిలెక్క ఉండాలె," అని, సైరనును ఒట్టు చెరసాలనుండి విడిపించి, దానికి సొంత వరుసయిచ్చి, జవాబును ఒక పేరుతో భద్రపరచి, దాని క్రింద ఒట్టును కావలి నిలిపెను. ఒట్లు వద్దని నెత్తిమీద వ్రాసి, కంపైలరుకు సమర్పించి, బోర్డులోనికి ఎక్కించి, గడియారము తిప్పెను.

టక్! పచ్చదీపము వెలిగెను. ఒట్టు లేకయే వెలిగెను!

నర్సింగ్ సైరను తీగెను బిగించెను. కాని ఇంకొక కోట మిగిలియున్నది. రామలింగేశ్వరరావు చేతులు కట్టుకొని నిలుచుండెను. "ఒంటిగంట కావస్తోంది. పన్నెండున్నర కూత ఇప్పుడెలా కూయిస్తాం? వేళ కాని వేళ కూస్తే జనం ఏమనుకుంటారు? ఇరవై ఏళ్ళుగా నా సైరన్ ఒక్కసారి తప్పు కూయలేదు."

ఇక్కడ నాయిక నోట పెట్టుటకు నేను ఘనమైన ఉపన్యాసమొకటి కూర్చియుంచితిని. ధర్మసూక్ష్మములు, క్షుత్పిపాసలు, అన్నమహిమ అన్నియు అందులో నున్నవి. ఆమె నన్ను వాడుకొననీయలేదు.

"సార్, గోడ అవతల ఆడోళ్లు ఇంకా తినలే. మీ సైరన్ కూస్తెనే తింటరు. మా అమ్మ ఉన్నది అండ్ల."

"నా సైరన్‌కా?" ఆయన కిటికీ దగ్గరికి వచ్చెను. ఇరువది యేండ్లుగా గోడకు ఇవతలివారికొరకు కూయించినవాడు, అవతల ఎవరు విందురో ఏనాడును చూచినవాడు కాడు. చూచెను. వంగిన నడుములు. గట్టుమీద వరుసగా, మూతలు తీయని టిఫిను గిన్నెలు. "వాళ్ళు నా సైరన్‌కి అన్నం తింటారా అమ్మా? రోజూనా?"

"రోజు, సార్."

రామలింగేశ్వరరావు బెల్టు సరిచేసికొనెను. గొంతు సవరించుకొనెను. మీసము తడిమికొనెను. "అయితే ఎదురుచూపేంటి? కూయించు!"

హర్షిణి పెట్టెలోని గడియారమును మరల పన్నెండున్నరకు తిప్పెను.

అప్పుడు, ఓ మహాజనులారా, అప్పుడు కూసినది! తెగని కూత, వణకని కూత! రేకుకప్పులు గడగడలాడినవి. గేటు కుక్క దిగ్గున లేచి, ఈ వేళకైనను దొరికెగదా యని, మోర యెత్తి శ్రుతి కలిపెను. క్యాంటీనులో తిని పండుకొన్నవారు ఉలికిపడి, మరల భోజనమేమోయని ప్లేట్లు చేతబట్టిరి. గోడ అవతల వంగిన నడుములన్నియు ఒక్కపెట్టున నిలువబడెను, చేతులన్నియు బురదలోనుండి వెలికి వచ్చెను. పెంటయ్య పటేలు ఫోను చూచుకొని, నోరు తెరచి, పోశమ్మ మొగము చూచి, మూసికొనెను.

కూత ముగియగానే హర్షిణి ఫోను చేసెను. "అమ్మా, విన్నవా?"

"విన్న."

"ఎట్లుంది?"

"గిదేం కూతనే? పాతదాని లెక్కనే ఉన్నది గద!" అనెను పోశమ్మ.

అయ్యయ్యో! ఇంతటి సంగ్రామమునకు ఇదియా బహుమానము? హర్షిణి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక, "అవునమ్మా, పాతదాని లెక్కనే కూయాలె, గదే నా పని," అనెను. ఇంకేమో చెప్పబోవునంతలో అవతల ఫోను చేయి మారెను, నర్సింహమ్మ గొంతు గుసగుసగా వినబడెను.

"ఏయ్ పిల్లా, నేను. మీ అమ్మ ముద్ద నోట్లె పెట్టుకొని ఏడుస్తుంది. ఏందే అంటే, తొక్కుల కారమెక్కువైంది అంటది. తొక్కు నూరింది నేను, నాకెరుకలేదా? దాంట్ల కారమే సాలలే."

జయము! జయము! ముల్లోకములు వినుగాక! పటాన్‌చెరువు మొదలుకొని గుమ్మడిదల దాక రేకు రేకును దద్దరిల్లుగాక! గడ్డపోతారములో, గోడ పక్క మడి గట్టుమీద, మధ్యాహ్నపు బువ్వ కొంచెము ఆలస్యముగా తినబడినది! ఈ గాథ విన్నవారి సైరను వేళకు కూయుగాక, వినని వారి టిఫిను చల్లారుగాక!

ఇగ లేవుండ్రి, అయిపోయింది. ఏంది, నా మొకం సూస్తున్నరు? ఏడుస్తలే నేను. గాలిల ఏదో మందు వాసన గొట్టింది, గంతే. ఒట్టు.